ఎంజైమ్ బాత్‌లో ఏ సర్ఫాక్టెంట్? ఛార్జి ఒక్కటే చూస్తే చాలదు

బట్టల ప్రాసెసింగ్‌లో వాడే ఎంజైమ్ డ్రమ్ముతో వచ్చే కాగితంలో రెండు విషయాలు తప్పకుండా ఉంటాయి. ఎంత వేడిలో వాడాలి, ఏ పీహెచ్‌లో వాడాలి. డైయింగ్ మాస్టర్లు ఈ రెంటినీ శ్రద్ధగానే పాటిస్తారు. థర్మామీటర్ చూస్తారు, పీహెచ్ పేపర్ ముంచుతారు, ఎసిటిక్ యాసిడ్ కొంచెం కొంచెంగా పోసి సరిచేస్తారు. అదే బాత్‌లో, అంటే గుడ్డను ముంచే ఆ ద్రావణంలో, లీటరుకు గ్రాము చొప్పున పడే వెట్టింగ్ ఏజెంట్ (గుడ్డను త్వరగా తడిపే సర్ఫాక్టెంట్) విషయంలో మాత్రం ఆ పట్టింపు కనిపించదు. స్టోర్‌లో ఏది ఉంటే అది, ఈ నెల ఏది చవగ్గా దొరికితే అది పడుతుంది. తీరా గంజి సరిగా పోకపోయినా, నూగు మిగిలిపోయినా నింద ఎంజైమ్ మీదకే వెళ్తుంది. తర్వాతి లాటుకు ఎంజైమ్ డోసు పెంచుతారు. ఖర్చు పెరుగుతుంది, పని మాత్రం అరకొరగానే జరుగుతుంది.

ఎంజైమ్ ఒక ప్రోటీన్. పొడవాటి గొలుసు ఒక ప్రత్యేకమైన ఆకారంలో ముడుచుకుని ఉంటుంది. పని చేసేది ఆ ఆకారమే. సర్ఫాక్టెంట్లలో కొన్ని ఆ మడతను విప్పేస్తాయి, కొన్ని దాని జోలికి పోవు, కొన్ని దాన్ని కాపాడతాయి కూడా. నాన్-అయానిక్ (ఛార్జి లేని రకం) అయితే చాలు, ఎంజైమ్‌కు ఏమీ కాదు అన్న సూత్రం పరిశ్రమలో బాగా ప్రచారంలో ఉంది. అది తప్పు కాదు గానీ సగమే నిజం. ఎంత మోతాదులో, ఎంత వేడిలో, ఇంకా దేనితో కలిపి, ఏది ముందు ఏది వెనక పోశారు అన్నవి కూడా ఛార్జి అంత గట్టిగా ఫలితాన్ని మారుస్తాయి.

తల, తోక, మిసెల్

సర్ఫాక్టెంట్ అణువుకు నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఉంటాయి. తోక సాధారణంగా 12 నుంచి 18 కార్బన్ల గొలుసు. తలకు ఉండే ఛార్జిని బట్టి నాలుగు జాతులు. రుణ ఛార్జి ఉన్నవి అనయానిక్: సబ్బు, సోడియం లారిల్ సల్ఫేట్, బట్టల పౌడర్లలో ఎక్కువగా వాడే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్ అంటే ఎల్ఏఎస్ ఈ కోవలోవే. ధన ఛార్జి ఉన్నవి కేటయానిక్. ఫినిషింగ్‌లో వాడే సాఫ్ట్‌నర్లలో చాలా భాగం ఇవే. ఛార్జి లేనివి నాన్-అయానిక్. ఫ్యాటీ ఆల్కహాల్ ఇథాక్సిలేట్లు, చక్కెర నుంచి తయారయ్యే ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్లు వీటిలో ముఖ్యమైనవి. రెండు ఛార్జీలూ ఒకే అణువులో ఉన్నవి ఆంఫోటెరిక్. షాంపూల్లో కనిపించే బీటైన్లు ఈ రకం. ఇవి ఎంజైమ్‌లతో నెమ్మదిగానే ఉంటాయి గానీ ధర ఎక్కువ, నురగ ఎక్కువ. అందుకే బట్టల ప్రాసెసింగ్‌లో వీటి వాడకం తక్కువ.

నీటిలో సర్ఫాక్టెంట్‌ను కొద్దికొద్దిగా కలుపుతూ పోతే మొదట అణువులు విడివిడిగా ఉంటాయి. ఒక గాఢత దాటాక, తోకలు లోపలికి పెట్టుకుని గుంపులు కడతాయి. ఆ గుంపే మిసెల్. ఆ హద్దు దాటాక ఇంకెంత పోసినా విడిగా ఉండే అణువుల సంఖ్య పెద్దగా పెరగదు, మిసెల్స్ పెరుగుతాయి. ఎంజైమ్‌కు ముందుగా వెళ్లి అంటుకునేవి ఎక్కువగా ఈ విడి అణువులే కాబట్టి ఆ హద్దు ఎక్కడుందో తెలియడం అవసరం. సోడియం లారిల్ సల్ఫేట్‌కు మామూలు నీటిలో అది లీటరుకు సుమారు 2.3 గ్రాములు. ఉప్పు కలిస్తే తగ్గుతుంది. నాన్-అయానిక్‌లలో ఇంకా చాలా కింద ఉంటుంది. ల్యాబుల్లో వాడే ట్రైటాన్ ఎక్స్-100 అనే నాన్-అయానిక్‌కు అది అందులో పదో వంతు కంటే తక్కువ. అంటే నాన్-అయానిక్ బాత్‌లో విడిగా తిరిగే అణువులు ఎప్పుడూ కొద్దిగానే ఉంటాయి. పైగా ఛార్జి లేని తల ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకోలేదు. అవి ఎంజైమ్ జోలికి పెద్దగా పోకపోవడానికి కారణాలు ఇవి.

లారిల్ సల్ఫేట్ లెక్క

సోడియం లారిల్ సల్ఫేట్ ప్రోటీన్‌ను ఎంత బాగా విప్పుతుందంటే జీవరసాయన ల్యాబులు దాన్ని ఆ పని కోసమే కొంటాయి. ప్రోటీన్ల పరిమాణం కొలవడానికి 1970 నుంచి ప్రపంచమంతా వాడుతున్న జెల్ పద్ధతిలో మొదటి మెట్టు ఇదే. ప్రోటీన్‌ను లారిల్ సల్ఫేట్‌తో మరిగించి మడత విప్పేస్తారు. గ్రాము ప్రోటీన్‌కు సుమారు 1.4 గ్రాముల లారిల్ సల్ఫేట్ అంటుకుంటుందని తేలింది.

ఈ అంకెను డీసైజింగ్ (గుడ్డకున్న గంజి తీసే) తొట్టి పక్కన పెట్టి చూడాలి. లీటరుకు ఒక గ్రాము ఎంజైమ్ ద్రవం పోశారనుకుందాం. అందులో అసలు ప్రోటీన్ 5 శాతం అనుకుంటే బాత్‌లో ఉన్నది లీటరుకు 50 మిల్లీగ్రాములు. దాన్నంతా కప్పేయడానికి 1.4 రెట్ల లెక్కన 70 మిల్లీగ్రాముల లారిల్ సల్ఫేట్ సరిపోతుంది. లీటరుకు గ్రాము చొప్పున పోస్తే బాత్‌లో ఉన్నది 1000 మిల్లీగ్రాములు, అంటే కావలసిన దానికి 14 రెట్లు. ల్యాబులో లాగా ఇక్కడ మరిగించరు, అన్ని ఎంజైమ్‌లూ ఒకేలా విప్పుకోవు, కొన్ని గట్టిగా తట్టుకుంటాయి. అయినా 60 డిగ్రీల్లో గంటసేపు ఉండాల్సిన ఎంజైమ్‌కు ఇది చిన్న బెడద కాదు. ఎంజైమ్ డోసును రెండింతలు చేసినా ఈ లెక్క 14 నుంచి 7కు దిగుతుందంతే. డోసు పెంచడం ఎందుకు పనిచేయదో ఇక్కడే తెలుస్తుంది.

బట్టల పౌడర్లో ఎల్ఏఎస్ ఉంటుంది, ఎంజైమ్ కూడా ఉంటుంది, రెండూ కలిసి పనిచేస్తున్నాయి కదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ పొత్తు వెనక చాలా పని ఉంది. ఉతికే పౌడర్లో ఎంజైమ్ వాడకానికి 1913లోనే జర్మనీలో ఓటో రోమ్ పేటెంట్ తీసుకున్నాడు. జంతువుల క్లోమం నుంచి తీసిన ఆ ఎంజైమ్‌లు వాషింగ్ సోడా క్షారంలో సరిగా నిలబడలేదు. క్షారాన్ని తట్టుకునే బాక్టీరియా ప్రోటియేజులు (ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌లు) మార్కెట్‌లోకి వచ్చేసరికి 1960లు వచ్చాయి. తర్వాత జన్యు మార్పులతో వాటిని ఇంకా గట్టిపరిచారు. అవి పుట్టిందే ఎల్ఏఎస్ పక్కన బతకడానికి. గంజి తీసే అమైలేజ్, నూగు తీసే సెల్యులేజ్ అన్నీ అలా తయారైనవి కావు.

ఇంకొక కారణం కూడా ఉంది, అది ప్రాసెసింగ్ యూనిట్లకు నేరుగా పనికొచ్చేది. చాలా డిటర్జెంట్లలో ఎల్ఏఎస్ ఒంటరిగా ఉండదు, పక్కన నాన్-అయానిక్ ఉంటుంది. రెండూ కలిసి ఉమ్మడి మిసెల్స్ కడతాయి. విడిగా తిరిగే అనయానిక్ అణువుల్ని నాన్-అయానిక్ తన గుంపులోకి లాగేసుకుంటుంది. దాంతో ఎంజైమ్‌కు తగిలేవి తగ్గిపోతాయి. అదే ఎల్ఏఎస్, అదే మోతాదు, కానీ ఒంటరిగా ఉన్నప్పుడు చేసినంత హాని తోడు ఉన్నప్పుడు చేయదు. మార్కెట్లో దొరికే వెట్టింగ్ ఏజెంట్లలో ఈ రెండు రకాల మిశ్రమాలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ ఎంజైమ్‌కు పనికిరావని పక్కన పెట్టేయనక్కర్లేదు. పాళ్లు ఏమిటి, పరీక్షలో ఏం తేలింది అన్నది చూడాలి.

గంజి తీసేచోట

నేత సమయంలో తెగకుండా పడుగు నూలుకు గంజి పెడతారు. అందులో కొవ్వు, మైనం లాంటి కందెనలు కూడా కలుపుతారు. ఆ పూత ఎండాక నీళ్లు లోపలికి దిగవు. గంజిని కరిగించే అమైలేజ్ ఎంత మంచిదైనా ముందు నీళ్లు దిగితే గానీ దానికి పని మొదలవదు. గుడ్డను బాత్‌లో ముంచి రోలర్ల మధ్య పిండే ప్యాడింగ్ మాంగిల్‌లో గుడ్డ బాత్‌లో ఉండేది కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లలో ద్రావణాన్ని నూలు లోపలికి పంపేది వెట్టింగ్ ఏజెంట్. అందుకని సర్ఫాక్టెంట్ లేకుండా డీసైజింగ్ అన్న మాటే కుదరదు. ఏదో ఒకటి ఉండాలి. అది ఎంజైమ్‌ను చెడగొట్టనిదై ఉండాలి.

ఇక్కడ చాలామంది దృష్టికి రాని విషయం ఒకటుంది. గంజిలోని అమైలోజ్ గొలుసు స్ప్రింగులా మెలిక తిరిగి ఉంటుంది. ఒక్కో చుట్టుకు ఆరు గ్లూకోజ్‌లు, మధ్యలో బోలు. ఆ బోలు గోడలు నూనెను ఇష్టపడే స్వభావం గలవి. అందువల్ల సర్ఫాక్టెంట్ తోక నేరుగా అందులోకి దూరి కూర్చుంటుంది. సన్నని నిటారు తోకలున్న లారిల్ సల్ఫేట్, సబ్బు, కేటయానిక్‌లు ఇందులో ముందుంటాయి. తోక దూరిన మెలిక బిగుసుకుంటుంది, అమైలేజ్‌కు అంత తేలిగ్గా లొంగదు. అంటే ఇక్కడ సర్ఫాక్టెంట్ ఎంజైమ్‌ను ముట్టుకోకపోయినా, ఎంజైమ్ కోయాల్సిన గంజినే దానికి అందకుండా చేస్తోంది.

దీని వల్ల రెండో చిక్కు కూడా వస్తుంది. గంజి పోయిందో లేదో చూడటానికి అయోడిన్ చుక్క వేస్తారు. నీలం వస్తే గంజి ఉన్నట్టు. టెగేవా స్కేలు మీద 1 నుంచి 9 వరకు మార్కు వేస్తారు, 9 అంటే గంజి పూర్తిగా పోయినట్టు. ఆ నీలం రంగు ఎలా వస్తుంది? అయోడిన్ వెళ్లి అదే మెలిక లోపలి బోలులో కూర్చుంటే వస్తుంది. అక్కడ ముందే సర్ఫాక్టెంట్ తోక కూర్చుని ఉంటే అయోడిన్‌కు చోటుండదు, నీలం పలచబడుతుంది. గుడ్డను సరిగా కడగకుండా చుక్క వేస్తే గంజి ఉన్నా లేనట్టు కనిపించే ప్రమాదం ఉంది. ఆ గంజి తర్వాత రంగు వేసేటప్పుడు మచ్చలై బయటపడుతుంది. పరీక్షకు ముందు వేడినీళ్లలో, ఆపై చల్లనీళ్లలో బాగా జాడించడం అందుకే తప్పనిసరి.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. పాత రకం బాక్టీరియా అమైలేజులు 60, 70 డిగ్రీల్లో పనిచేస్తాయి. వేడిని తట్టుకునే రకాలను 90 డిగ్రీల పైన, స్టీమర్‌లో కూడా వాడతారు. ఇథాక్సిలేట్ నాన్-అయానిక్‌లకు ఒక బలహీనత ఉంది. వేడి పెరిగేకొద్దీ వాటి తల నీటిని పట్టుకునే శక్తి తగ్గుతుంది. ఒక ఉష్ణోగ్రత వద్ద ద్రావణం ఒక్కసారిగా పాలలా తెల్లబడుతుంది. దాన్ని క్లౌడ్ పాయింట్ అంటారు. ట్రైటాన్ ఎక్స్-100కు అది సుమారు 65 డిగ్రీలు. మార్కెట్లో ఎక్కువగా దొరికే వెట్టింగ్ రకాల్లో కొన్నిటికి ఇంకా కింద, 50 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. అది దాటితే సర్ఫాక్టెంట్ నీటి నుంచి విడిపోయి నూనెలా గుడ్డ మీద చేరుతుంది. అప్పుడది తడపదు సరికదా, తడిని ఆపుతుంది. ఉప్పు, గ్లాబర్ సాల్ట్, కాస్టిక్ కలిస్తే క్లౌడ్ పాయింట్ ఇంకా కిందికి దిగుతుంది. 55 డిగ్రీల్లో బాగా పనిచేసిన నాన్-అయానిక్‌ను 90 డిగ్రీల బాత్‌లో పోసి, ఛార్జి లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకుంటే ఎంజైమ్ బతికే ఉంటుంది, అది గుడ్డలోకి వెళ్లడమే జరగదు. తలలో ఇథిలీన్ ఆక్సైడ్ యూనిట్లు ఎక్కువున్న రకాన్ని ఎంచుకుంటే క్లౌడ్ పాయింట్ పెరుగుతుంది. క్లౌడ్ పాయింట్ లేని ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్‌లు మరో దారి.

పెక్టిన్, మైనం, కాల్షియం

పత్తి పోగు పైపొరలో పెక్టిన్ అనే జిగురు పదార్థం, మైనం కలగలిసి ఉంటాయి. ఒక్కొక్కటి పోగు బరువులో ఒక శాతం అటూ ఇటుగా ఉంటుంది. కొద్దిగానే అయినా నీళ్లు దిగకుండా ఆపేది ఆ మైనమే. కాస్టిక్ పోసి మరిగించే పాత స్కౌరింగ్ రెంటినీ ఊడ్చేస్తుంది. బయోస్కౌరింగ్‌లో కాస్టిక్ బదులు పెక్టేట్ లయేజ్ అనే ఎంజైమ్ వాడతారు. పీహెచ్ 8, 9 మధ్య, 55 డిగ్రీల చుట్టూ పని అయిపోతుంది. ఆవిరి ఖర్చు తగ్గుతుంది, క్షారం కలిసిన మురుగు తగ్గుతుంది. ఈ మార్పు విస్తరించాలనే కోరుకోవాలి. కానీ చాలాచోట్ల మొదటి ప్రయత్నంలోనే పెదవి విరిచి వదిలేయడానికి కారణం సర్ఫాక్టెంట్ దగ్గర ఉంది.

ఈ ఎంజైమ్ పెక్టిన్‌ను మాత్రమే కోస్తుంది, మైనాన్ని ముట్టుకోదు. పెక్టిన్ పోయాక మైనం పట్టు వదులుతుంది గానీ అక్కడే ఉంటుంది. దాన్ని కరిగించి నీటిలోకి తేవాల్సింది సర్ఫాక్టెంట్. పత్తి మైనం మెత్తబడాలంటే 70 డిగ్రీలు దాటాలి. ఎంజైమ్‌కు 55 డిగ్రీలు, మైనానికి 80 డిగ్రీలు కావాలి. అందుకే ఎంజైమ్ దశ అయ్యాక బాత్‌ను వేడిచేసి, ఎమల్సిఫై చేసే, అంటే మైనాన్ని నీటిలో సన్నని బొట్లుగా కలిపి ఉంచే సర్ఫాక్టెంట్‌తో కడగాలి. మొదటి దశలో తడిపే గుణం ఎక్కువున్న నాన్-అయానిక్, రెండో దశలో క్లౌడ్ పాయింట్ ఎక్కువున్న, మైనాన్ని మోసుకుపోయే రకం. అప్పటికి ఎంజైమ్ పని ముగిసింది కాబట్టి రెండో దశలో అనయానిక్ కలిసినా నష్టం లేదు. ఒకే సర్ఫాక్టెంట్‌తో రెండు దశలూ గడిపేయాలని చూసినప్పుడే నీటి చుక్క గుడ్డ మీద ముత్యంలా నిలబడిపోతుంది.

కాల్షియం సంగతి ఇంకా సూక్ష్మం. పెక్టేట్ లయేజ్‌కు పని చేయడానికి కాల్షియం కావాలి. బాక్టీరియా అమైలేజ్‌కు ఆకారం నిలుపుకోవడానికి కాల్షియం కావాలి. అనయానిక్ సర్ఫాక్టెంట్లకు, ముఖ్యంగా సబ్బుకు కాల్షియం శత్రువు. కఠిన జలంలో సబ్బు విరిగినట్టు తెట్టు కడుతుంది. దానికి మందుగా వెట్టింగ్ ఏజెంట్ తయారీదారులు కాల్షియాన్ని పట్టేసే సీక్వెస్టరింగ్ ఏజెంట్‌ను అందులోనే కలిపి అమ్ముతుంటారు. లేబుల్ మీద నాన్-అయానిక్, మల్టీపర్పస్ అని ఉంటుంది. సర్ఫాక్టెంట్ నిరపాయమైనదే, కానీ దానితో వచ్చిన ఈడీటీఏ లాంటిది ఎంజైమ్‌లోని కాల్షియాన్ని లాగేసుకుంటుంది. ఇలాంటి చోట ఛార్జి చూసి ఎంచుకునే పద్ధతి పూర్తిగా చేతులెత్తేస్తుంది. బోరునీళ్లు ఉప్పగా, కఠినంగా ఉండే మన ప్రాంతాల్లో సీక్వెస్టరింగ్ ఏజెంట్ లేకుండా ప్రాసెసింగ్ కష్టమే. కాబట్టి దాన్ని ఎంజైమ్ పని ముగిశాక వేడి వాష్‌లో వేయడం మేలు.

జీన్స్, నూగు, నీలిమందు

అనంతపురం జిల్లా రాయదుర్గం జీన్స్ కుట్టుపనికి పేరున్న ఊరు. పక్కనే కర్ణాటకలో బళ్లారి ఉంది. జీన్స్‌కు కుట్టు ఎంత ముఖ్యమో వాషింగ్ అంత ముఖ్యం. 1980ల చివర దాకా ఆ వెలిసిన రూపు కోసం ప్యూమిస్ రాళ్లనే నమ్ముకునేవారు. తర్వాత సెల్యులేజ్ వచ్చి రాళ్ల పనిని చాలావరకు తీసుకుంది. నీలిమందు పడుగు నూలు పైపొరకే అంటుకుని ఉంటుంది. సెల్యులేజ్ పైపోగుల్ని కొరుకుతుంది, మెషీన్ రాపిడికి అవి రాలతాయి, వాటితో నీలం పోతుంది.

రాలిన నీలం ఊరుకోదు. మళ్లీ తెల్లని పేక నూలు మీద, జేబు గుడ్డ మీద చేరుతుంది. దీన్నే బ్యాక్‌స్టెయినింగ్ అంటారు. ఇందులో ఎంజైమ్ పాత్ర కూడా ఉంది. పీహెచ్ 5 దగ్గర పనిచేసే ఆసిడ్ సెల్యులేజ్ ప్రోటీన్‌కు నీలిమందు మీద మక్కువ ఎక్కువ. గుడ్డకు అతుక్కున్న ప్రోటీన్ రంగును పట్టి తెచ్చిపెడుతుంది. పీహెచ్ 6, 7 మధ్య పనిచేసే న్యూట్రల్ రకాల్లో ఈ ఇబ్బంది తక్కువ. ఆసిడ్ రకం చవక, త్వరగా కోస్తుంది కాబట్టి వాడకం మానలేదు. అందువల్ల రాలిన నీలాన్ని నీటిలోనే తేలించి ఉంచే నాన్-అయానిక్ డిస్పర్సింగ్ ఏజెంట్ అవసరం. ఇక్కడ సర్ఫాక్టెంట్ ఎంజైమ్‌కు అడ్డు కాదు, దాని వల్ల వచ్చే చెడును సరిదిద్దే తోడు.

సెల్యులేజ్ దగ్గర మోతాదు చాలా కీలకం. చాలా సెల్యులేజులకు రెండు భాగాలుంటాయి. ఒకటి పోగును పట్టుకునేది, రెండోది కోసేది. పట్టుకునే భాగం నూనెను ఇష్టపడే చదునైన ముఖంతో సెల్యులోజ్‌కు అతుక్కుంటుంది. కొన్నిసార్లు ఆ పట్టు మరీ గట్టిదై ఎంజైమ్ ఒకేచోట ఉండిపోతుంది. కొద్దిపాటి నాన్-అయానిక్ ఉంటే ఎంజైమ్ ఒకచోట వదిలి మరోచోటికి కదలడం తేలికవుతుంది. ఉపరితలాల మీద, గాలి బుడగల అంచున ఎంజైమ్ చెడిపోవడాన్ని కూడా అది తగ్గిస్తుంది. గడ్డి, చెరకు పిప్పి నుంచి చక్కెర తీసే పరిశోధనల్లో ట్వీన్ 80 లాంటి నాన్-అయానిక్‌లు ఇందుకే వాడారు. అదే నాన్-అయానిక్ మరీ ఎక్కువైతే ఎంజైమ్ పోగును పట్టుకోవడమే కష్టమవుతుంది, నూగు మిగులుతుంది.

కేటయానిక్ సంగతి వేరు. పత్తి పోగు నీటిలో రుణ ఛార్జితో ఉంటుంది. ట్రైకోడెర్మా బూజు నుంచి వచ్చే సెల్యులేజులలో ముఖ్యమైనవి పీహెచ్ 4 నుంచి 6 మధ్యలో ఛార్జి మారేవి. ఆ బిందువు దాటితే రుణ ఛార్జి. అంటే కేటయానిక్‌కు పోగూ ఇష్టమే, ఎంజైమూ ఇష్టమే. అది పోగు మీద పొరలా పేరుకుని ఎంజైమ్‌కు దారి మూసేస్తుంది, బాత్‌లో ఉన్న ఎంజైమ్‌ను కూడా పట్టుకుంటుంది. అనయానిక్ ఏదైనా మిగిలి ఉంటే దానితో కలిసి జిగురు ముద్దగా విరుగుతుంది. కావాలని సాఫ్ట్‌నర్‌ను ఎంజైమ్ బాత్‌లో ఎవరూ పోయరు. అది దొంగదారిన వస్తుంది. ముందు లాటుకు సాఫ్ట్‌నర్ వేసిన మెషీన్‌ను సరిగా కడగకపోతే, ఫినిషింగ్ అయిపోయిన గుడ్డను మళ్లీ సరిచేయడానికి బయోపాలిష్‌కు (సెల్యులేజ్‌తో నూగు తీసే పనికి) పంపితే, సాఫ్ట్‌నర్ జాడించిన నీటిని తిరిగి వాడితే ఎంజైమ్ బాత్‌లో కేటయానిక్ ఉన్నట్టే. ఒక లాటు బాగా వచ్చి ఇంకో లాటు చెడిపోయే వింతల వెనక ఇది ఒక కారణం కావచ్చని ముందు అనుమానించాలి.

ప్రోటియేజ్‌లలో ఛార్జి తిరగబడుతుంది. సబ్టిలిసిన్ కార్ల్స్‌బర్గ్ అనే ప్రోటియేజ్‌కు ఆ మారే బిందువు పీహెచ్ 9 పైన. అంతకంటే కింద దానిది ధన ఛార్జి. అందుకే ఒక ఎంజైమ్‌తో పొసగిన సర్ఫాక్టెంట్ మరో దానితో కూడా పొసగుతుందని ముందే రాసుకోవడం కుదరదు.

పట్టు విషయంలో మాత్రం ఒక్క మాట చెప్పుకోవాలి. పట్టు పోగు చుట్టూ ఉండే సెరిసిన్ జిగురు బరువులో నాలుగో వంతు దాకా ఉంటుంది. దాన్ని సబ్బునీళ్లలో ఉడికించి తీయడం పాత పద్ధతి. ప్రోటియేజ్ వాడితే తక్కువ వేడిలో పని అవుతుంది గానీ జిగురుతో పాటు ఉన్న మైనం, నూనెలకు సర్ఫాక్టెంట్ ఇంకా కావాలి. మన ఇళ్లలో పట్టుచీరలు ఉతకడానికి వాడే కుంకుడుకాయలో నురగనిచ్చే సాపోనిన్లు నాన్-అయానిక్ వర్గంలోకే వస్తాయి. పట్టు కూడా ప్రోటీనే కాబట్టి పెద్దవాళ్ల ఎంపిక రసాయనశాస్త్రానికి సరిగ్గా సరిపోయింది.

బ్లీచింగ్ తర్వాత మిగిలిన పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టే క్యాటలేజ్ బాత్‌లో సర్ఫాక్టెంట్ అక్కర్లేదు. అయితే బ్లీచింగ్ బాత్ నుంచి వచ్చిన నురగ రకం సర్ఫాక్టెంట్ మిగిలి ఉంటే, పుట్టే ఆక్సిజన్ బుడగలతో మెషీన్ నిండా నురగ వస్తుంది.

ఎన్‌పీఈ పోయాక

చాలాకాలం ఈ రంగంలో వెట్టింగ్‌కైనా, డిటర్జెన్సీకైనా నోనైల్ ఫినాల్ ఇథాక్సిలేటే, అంటే ఎన్‌పీఈయే దిక్కు. ధర తక్కువ, ఎంజైమ్‌లతో గొడవ తక్కువ. కానీ మురుగునీటిలో అది విరిగి నోనైల్ ఫినాల్‌గా మిగులుతుంది. అది చేపల్లో, ఇతర జలచరాల్లో హార్మోన్ల పనిని చెడగొడుతుంది. ఐరోపా సమాఖ్య 2003లోనే తమ దగ్గర బట్టల ప్రాసెసింగ్‌లో దాని వాడకాన్ని కట్టడి చేసింది. నీళ్లలో ఉతకగలిగే బట్టల్లో బరువులో 0.01 శాతానికి సమానంగా గానీ, మించి గానీ ఎన్‌పీఈ ఉంటే 2021 ఫిబ్రవరి 3 నుంచి అక్కడి మార్కెట్‌లోకి రానివ్వడం లేదు. ఎగుమతి యూనిట్లు దాన్ని వదిలేయక తప్పలేదు. అది సరైన మార్పే.

దాని స్థానంలో ఫ్యాటీ ఆల్కహాల్ ఇథాక్సిలేట్లు వచ్చాయి. లేబుల్ మీద అదే నాన్-అయానిక్ మాట ఉంటుంది. లోపల మాత్రం తోక పొడవు, కొమ్మల తీరు, ఇథిలీన్ ఆక్సైడ్ సంఖ్య, క్లౌడ్ పాయింట్ అన్నీ వేరు. నోనైల్ ఫినాల్‌ది కొమ్మలున్న లావుపాటి తోక, ఫ్యాటీ ఆల్కహాల్‌ది సాధారణంగా నిటారు తోక. అమైలోజ్ మెలికలోకి నిటారు తోక తేలిగ్గా దూరుతుందని పైన చూశాం. కాబట్టి పాత రెసిపీలో పేరు మార్చి అదే గ్రాముల లెక్క కొనసాగించడం సరిపోదు.

తొట్టిలో పోసేముందు

దీనికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. గంజి ఎంజైమ్‌కైతే నాలుగు గాజు గ్లాసులు, వేడినీళ్ల తొట్టి, అయోడిన్ ద్రావణం చాలు. నాలుగింటిలో ఒక శాతం ఉడికించిన గంజి ద్రావణం సమానంగా పోయాలి. మొదటి దానిలో ఎంజైమ్ మాత్రమే. రెండో దానిలో ఎంజైమ్‌తో పాటు వెట్టింగ్ ఏజెంట్. మూడో దానిలో వెట్టింగ్ ఏజెంట్ మాత్రమే. నాలుగోది ఉత్త గంజి. మోతాదులు, పీహెచ్, వేడి అసలు బాత్‌లో ఎలా ఉంటాయో అలాగే ఉండాలి. యూనిట్‌లో వాడే నీళ్లే వాడాలి. నిమిషానికోసారి ఒక్కో గ్లాసు నుంచి చుక్క తీసి తెల్లని పింగాణీ పలక మీద అయోడిన్ చుక్కతో కలపాలి. ఎంజైమ్ ఉన్న గ్లాసుల్లో నీలం ఊదాగా, గోధుమగా మారి చివరకు మాయమవుతుంది. మొదటి గ్లాసులో పది నిమిషాలకు మాయమై, రెండో దానిలో ఇరవై పడితే ఆ వెట్టింగ్ ఏజెంట్ ఎంజైమ్ వేగాన్ని సగం చేస్తున్నట్టు. మూడో గ్లాసును వదిలేస్తే మోసపోతాం. ఎంజైమ్ లేని ఆ గ్లాసులో కూడా నాలుగోదాని కంటే నీలం పలచబడితే, రంగును తగ్గించింది సర్ఫాక్టెంటే అని అర్థం. అప్పుడు రెండో గ్లాసు ఫలితాన్ని ఆ మేరకు తగ్గించి చదవాలి.

ఇది ఒక్కటీ చాలదు. ఎంజైమ్‌ను గంజి లేకుండా వెట్టింగ్ ఏజెంట్ ఉన్న వేడినీళ్లలో గంటసేపు ఉంచి, ఆ తర్వాత గంజి కలిపి మళ్లీ సమయం చూడాలి. గంజి పక్కన ఉన్నప్పుడు ఎంజైమ్‌కు కొంత రక్షణ ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత తట్టుకుంటుందో తెలిస్తేనే బాత్‌ను ముందే కలిపి పెట్టుకోవచ్చా, గుడ్డ వచ్చే వేళకు కలపాలా అన్నది తేలుతుంది. సెల్యులేజ్‌కు అదే గుడ్డ ముక్కలు తీసుకుని, సర్ఫాక్టెంట్‌తోనూ లేకుండానూ నడిపి, ఎండబెట్టి బరువు తగ్గుదల చూసుకోవచ్చు. బయోపాలిష్‌లో సాధారణంగా 3 నుంచి 5 శాతం దాకా బరువు పోతుంది. సర్ఫాక్టెంట్ కలిపిన ముక్కలో అది బాగా పడిపోతే కారణం కళ్లెదుటే ఉంది.

బాత్ కలిపే వరస కూడా పరీక్షలో లాగే ఉండాలి. ముందు నీళ్లు, తర్వాత సర్ఫాక్టెంట్ పూర్తిగా కరిగే దాకా కలపడం, తర్వాత పీహెచ్, వేడి సరిచూడడం, చివర ఎంజైమ్. మగ్గులో చిక్కటి వెట్టింగ్ ఏజెంట్‌తో ఎంజైమ్‌ను కలిపి తొట్టిలో పోసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ మగ్గులో సర్ఫాక్టెంట్ గాఢత బాత్‌లో కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. లీటరుకు గ్రాము లెక్కలన్నీ అక్కడే తలకిందులవుతాయి.

ఇథాక్సిలేట్ డ్రమ్ముకు వయసు కూడా ఉంటుంది. మూత సరిగా పెట్టకుండా ఎండలో, గాలి తగిలేలా ఉంచితే ఆ గొలుసులు మెల్లగా ఆక్సీకరణం చెంది పెరాక్సైడ్లు పుడతాయి. అవి ఎంజైమ్‌లోని మీథియోనిన్ లాంటి సున్నితమైన భాగాల్ని దెబ్బతీస్తాయి. కొత్తగా తెరిచినప్పుడు పరీక్షలో నెగ్గిన డ్రమ్మే నెలల తరబడి సగం ఖాళీగా పడి ఉంటే ఓడిపోవచ్చు. మళ్లీ వాడేముందు పెరాక్సైడ్ టెస్ట్ స్ట్రిప్ ఒకటి ముంచి చూసుకుంటే నిమిషంలో తెలిసిపోతుంది. బ్లీచింగ్ ఉన్న ప్రతి యూనిట్‌లోనూ ఆ స్ట్రిప్‌లు ఎలాగూ ఉంచుకోవాల్సినవే.